మెట్రో: మాట పుట్టుక, అర్థాలు

మహానగరాల్లో రోడ్డు వాహనాలతోనూ మామూలు రైళ్లతోనూ కలవకుండా, తనకంటూ వేసిన దారిలో కొద్ది నిమిషాలకొకటి చొప్పున నడిచే విద్యుత్ రైలును నేడు అనేక భాషల్లో ‘మెట్రో’ అంటున్నారు. గ్రీకులో ‘తల్లి నగరం’ అనే అర్థమున్న ‘మెట్రోపోలిస్’ దీనికి మూలం. ఆ పదం నుంచి వచ్చిన విశేషణం 19వ శతాబ్దంలో లండన్‌లోని ఒక రైల్వే కంపెనీ పేరులో చేరింది. పారిస్‌లో తోక కత్తిరించుకుని పొట్టి మాటయింది. మాస్కో మీదుగా తూర్పు దేశాలకూ, ఫ్రెంచి వాడుక ద్వారా మిగతా ప్రపంచానికీ పాకింది. ఈ మాటలో రైలు, సొరంగం, వేగం వంటివేవీ లేవు. ఉన్నది నగరం ఒక్కటే. అందువల్ల ఇది ఒక ఊళ్లో సొరంగ రైలుకూ, మరో ఊళ్లో వంతెన మీది రైలుకూ, ఇంకోచోట బస్సుకూ, మంచినీళ్ల లారీకీ, మొత్తం నగర ప్రాంతానికీ కూడా పేరు కాగలిగింది.

వ్యుత్పత్తి

గ్రీకులో ‘మేటేర్’ అంటే తల్లి, ‘పోలిస్’ అంటే నగరం. ఈ రెండింటికీ సంస్కృతంలో తోబుట్టువులున్నాయి. మొదటిది ‘మాతృ’ శబ్దానికీ, రెండోది కోట అనే అర్థంలో మొదలై పట్టణాన్ని సూచించిన ‘పుర’ శబ్దానికీ బంధువులని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మాత అన్నా, అనంతపురం అన్నా తెలుగువారు పలుకుతున్నది అదే ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన మాటలే.

చూడ్డానికి ఒకేలా ఉన్నా సంబంధం లేని మాటలు కొన్ని ఉన్నాయి. మీటరు, మెట్రాలజీ, సంగీతంలో తాళం లెక్కకు వాడే మెట్రోనోమ్ అనేవి ‘కొలత’ అని అర్థమున్న ‘మెట్రోన్’ నుంచి వచ్చాయి. కాబట్టి ఆటో మీటరుకూ మెట్రో రైలుకూ మాటపరంగా చుట్టరికం లేదు. ఆధునిక గ్రీకు భాషలో ఈ తేడా ఊనికతో తెలుస్తుంది: మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే కొలత, చివరి అక్షరాన్ని ఒత్తితే రైలు. రైలుకు పేరైన ఈ రెండో మాటను గ్రీకులు ఫ్రెంచి నుంచి అరువు తెచ్చుకున్నారు. తమ ఇంట పుట్టిన మాటే పారిస్ చుట్టి, రూపం మారి, మళ్లీ ఏథెన్స్ చేరింది.

తల్లి నగరం నుంచి రాజధానికి

ప్రాచీన గ్రీకు నగరాలు జనాన్ని ఓడల్లో పంపి దూరతీరాల్లో కొత్త ఊళ్లు కట్టించేవి. అలా పంపిన నగరం, కొత్త ఊరికి మెట్రోపోలిస్. సిసిలీ దీవిలోని సిరక్యూస్‌కు తల్లి నగరం కొరింత్. ఈ బంధంలో ఆచార వ్యవహారాలు, దేవతలు, కొన్నిసార్లు యుద్ధంలో సాయం కూడా ఉండేవి. అప్పటి అర్థంలో మెట్రోపోలిస్ అంటే పెద్ద నగరమని కాదు, పుట్టినిల్లు అని. ఫ్రెంచివారు సముద్రాల అవతలి తమ భూభాగాల నుంచి వేరు చేస్తూ ఐరోపాలోని ఫ్రాన్సును ‘మెట్రోపోల్’ అనడంలో ఈ పాత అర్థం ఇంకా బతికుంది.

రోమన్ పాలనలో ఈ మాట రాష్ట్ర ముఖ్య నగరానికి వర్తించింది. క్రైస్తవ సంఘం తన పాలనను అదే నమూనాలో ఏర్పరచుకుంది. ముఖ్య నగరంలోని బిషప్‌కు చుట్టుపక్కల బిషప్‌ల మీద అధికారం ఉండేది. క్రీ.శ. 325లో జరిగిన నికేయా సభ తీర్మానాల్లోనే ఈ ‘మెట్రోపాలిటన్’ పదవి కనిపిస్తుంది. కేరళలోని మార్తోమా సంఘం వంటి చర్చిల్లో ఈ బిరుదు నేటికీ ఉంది.

ఇంగ్లీషులో మెట్రోపోలిస్ అంటే క్రమంగా దేశపు ప్రధాన నగరమనీ, 19వ శతాబ్దానికి దాదాపు లండన్ అనీ స్థిరపడింది. 1829లో ఏర్పడిన మెట్రోపాలిటన్ పోలీసు, 1855లో మురుగు కాలవలూ రోడ్లూ చూడటానికి ఏర్పడిన మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఈ వాడుకకు ఉదాహరణలు. ఆ కాలంలో లండన్ అంతటికీ సంబంధించిన ఏ సంస్థ పుట్టినా పేరుకు ముందు ఈ విశేషణం చేరేది.

లండన్: విశేషణం రైలెక్కడం

లండన్‌లో దూర ప్రయాణపు రైళ్లు నగరం అంచులదాకానే వచ్చి ఆగేవి. అక్కడి నుంచి వ్యాపార కేంద్రానికి గుర్రపు బండ్లే దిక్కు. వీధులు ఊపిరాడనంతగా కిక్కిరిసేవి. స్టేషన్లను భూమి కిందుగా కలపాలని నగరపాలక సంస్థ న్యాయవాది చార్లెస్ పియర్సన్ ఏళ్ల తరబడి వాదించాడు. మెట్రోపాలిటన్ రైల్వే కంపెనీకి 1854లో పార్లమెంటు అనుమతి లభించింది. జాన్ ఫౌలర్ ప్రధాన ఇంజనీరు. వీధిని తవ్వి, గోడలు కట్టి, పైన కప్పువేసి మళ్లీ రోడ్డు పోసే పద్ధతిలో పని సాగింది. పాడింగ్టన్ నుంచి ఫారింగ్‌డన్ వరకు సుమారు 6 కిలోమీటర్ల దారి 1863 జనవరి 10న ప్రజలకు తెరుచుకుంది. మొదటి రోజే దాదాపు 38,000 మంది ఎక్కారు. బొగ్గు ఇంజన్లు లాగే ఆ పెట్టెల్లో గ్యాసు దీపాలు వెలిగేవి. పియర్సన్ అంతకు కొద్ది నెలల ముందే, 1862 సెప్టెంబరులో మరణించాడు.

ప్రపంచంలో తొలి భూగర్భ ప్రయాణికుల రైలు ఇదే. దాని పేరే తర్వాత ప్రపంచానికి సామాన్య నామమైనా, లండన్‌వాసులు మాత్రం తమ రైలును మెట్రో అనలేదు. 1868లో మొదలైన పోటీ కంపెనీ పేరు మెట్రోపాలిటన్ డిస్ట్రిక్ట్ రైల్వే. రెండు పేర్లలోనూ ఒకే విశేషణం ఉండటంతో జనం ఒకదాన్ని ‘మెట్’ అనీ, రెండోదాన్ని ‘డిస్ట్రిక్ట్’ అనీ వేరు చేసుకున్నారు. 1890లో లోతైన గొట్టం ఆకారపు సొరంగాల్లో విద్యుత్ రైలు వచ్చాక ‘ట్యూబ్’ అనే మాట పుట్టింది. 1908 నుంచి కంపెనీలు కలిసి స్టేషన్ల మీద ‘అండర్‌గ్రౌండ్’ అని రాయించాయి. పాత పేరు నేడు అక్కడ మెట్రోపాలిటన్ లైన్ అనే ఒక్క మార్గానికి మిగిలింది. ఆ కంపెనీ 1915 నుంచి తన దారి పొడవునా ఉన్న శివారు ఇళ్లస్థలాలకు ‘మెట్రోలాండ్’ అని ప్రచారం చేసింది. స్టేషను దగ్గరి స్థలాన్ని రైలు పేరు చెప్పి అమ్మడం నేటి ప్లాట్ల ప్రకటనలతో మొదలైన విద్య కాదన్నమాట.

పారిస్: పొట్టి మాట

లండన్‌ను చూసి ఫ్రాన్సులో 1870ల నుంచే ‘షెమాఁ ద ఫేర్ మెట్రోపోలితేఁ’, అంటే మహానగర ఇనుపదారి, గురించి చర్చలు జరిగాయి. దేశపు పెద్ద రైలు మార్గాలన్నిటినీ నగరం లోపల కలపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. నగరవాసులకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేక మార్గం కావాలని నగరపాలకులు పట్టుబట్టారు. చివరికి నగరమే గెలిచింది. 1898లో చట్టం వచ్చింది. బ్రిటనీ ప్రాంతపు ఇంజనీరు ఫుల్జాన్స్ బియన్వెన్యూ నిర్మాణాన్ని నడిపించాడు. ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న 1900 సంవత్సరంలో, జులై 19న, వాన్సెన్ ద్వారం నుంచి మాయో ద్వారం వరకు తొలి మార్గం మొదలైంది.

ఆ రైలును నడిపిన కంపెనీ పేరు పొడవుగా ఉండేది. వాస్తుశిల్పి ఎక్తోర్ గిమార్ తీగలు పాకినట్టు పోత ఇనుముతో రూపొందించిన ప్రవేశ ద్వారాల మీద ‘మెట్రోపోలితేఁ’ అని రాసి ఉండేది. జనం దాన్ని ‘మెట్రో’ అని కుదించారు. పొడుగు మాటల తోక కోసి ‘ఓ’ దగ్గర ఆపడం ఫ్రెంచివారికి అలవాటే. ఆటోమొబీల్ ‘ఆటో’గా, ఫోటోగ్రఫీ ‘ఫోటో’గా మారింది కూడా ఇలాగే. 1910లో మొదలైన పోటీ సంస్థ నోర్-సూద్ 1930లో మొదటి కంపెనీలో కలిసిపోయింది. దాంతో పారిస్ భూగర్భ రైలు మొత్తానికీ ఒకే పేరు నిలిచింది. విశేషణం పక్కనున్న ‘ఇనుపదారి’ పూర్తిగా రాలిపోయి విశేషణమే నామవాచకమైంది.

మాట వ్యాపించిన దారులు

స్పెయిన్‌లో 1919లో మాడ్రిడ్ భూగర్భ రైలు ‘మెట్రోపోలితానో’ పేరుతోనే మొదలై వాడుకలో మెట్రో అయింది. మాస్కోలో 1935 మే 15న 13 స్టేషన్లతో తొలి మార్గం తెరుచుకుంది. రష్యన్‌లో అధికారిక నామం ‘మెట్రోపొలితెన్’, జనం మాట ‘మెత్రో’. స్టేషన్ల మీద వెలిగే ఎర్రని ‘ఎం’ అక్షరం దాని గుర్తయింది. లెనిన్‌గ్రాడ్, కీవ్, తిబిలిసి, బాకు, తాష్కెంట్ నగరాలకు 1955 నుంచి 1977 మధ్య ఈ రైలు చేరింది. దాని వెంట మాటా చేరింది. 1966లో మాంట్రియల్, 1969లో మెక్సికో నగరం పారిస్ సాంకేతిక విధానాన్నీ రబ్బరు చక్రాలనూ తీసుకున్నాయి; పేరూ అదే పెట్టుకున్నాయి. అమెరికాలో వాషింగ్టన్ నగరం 1976లో తన కొత్త రైలుకు మెట్రో అని పేరు పెట్టింది. అక్కడ దాన్ని నడిపే సంస్థ పేరులోనే ‘మెట్రోపాలిటన్’ ఉంది.

వేరే పేర్లు పెట్టుకున్న నగరాలు

ఇదే రకం రైలుకు ఇతర పేర్లు చాలా ఉన్నాయి. అవి ఎక్కువగా కంటికి కనిపించే లక్షణాన్ని పట్టుకుంటాయి.

భూమి కింద నడుస్తుందని చెప్పేవి ఒక వర్గం: లండన్ అండర్‌గ్రౌండ్, 1896 నాటి బుడాపెస్ట్ ‘ఫొల్దలట్టి’, జర్మన్ నగరాల ‘ఊ-బాన్’, స్టాక్‌హోమ్ ‘టున్నెల్‌బానా’, బ్యూనస్ ఎయిర్స్ ‘సుబ్తె’, టోక్యో ‘చికాతెత్సు’, చైనా నగరాల ‘దీతియె’. ఎత్తున నడుస్తుందని చెప్పేవి మరో వర్గం: షికాగో ‘ఎల్’, హాంబుర్గ్ ‘హోఖ్‌బాన్’, బ్యాంకాక్ ‘స్కైట్రైన్’. ఎక్కువమందిని త్వరగా చేరుస్తుందని చెప్పేవి మూడో వర్గం. సింగపూర్ ‘ఎంఆర్‌టీ’ అందులోది.

కింద నడుస్తుందని పేరు పెట్టిన రైలు పైకి వస్తే పేరుకూ వస్తువుకూ పొంతన చెడుతుంది. లండన్ అండర్‌గ్రౌండ్ మార్గంలో సగానికి పైగా నేల మీదే ఉంది. మెట్రో అన్న పేరుకు ఆ ఇబ్బంది లేదు. పూర్తిగా వంతెన మీద నడిచే హైదరాబాద్ రైలుకూ, లోతైన సొరంగాల్లో నడిచే మాస్కో రైలుకూ అది సమానంగా అతుకుతుంది.

‘సబ్‌వే’ అనే మాట కూడా ఊరిని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో 1904 నుంచి నడుస్తున్న రైలు సబ్‌వే. బ్రిటిష్ ఇంగ్లీషులో, దాన్ని అనుసరించిన భారతీయ వాడుకలో, రోడ్డు కిందో పట్టాల కిందో నడిచివెళ్లే దారి సబ్‌వే.

అర్థం సాగడం

మెట్రో అన్న పేరుకు ఆధునికత, వేగం, నమ్మకం అనే గౌరవం అంటుకున్నాక ఇతర వాహనాలు దాన్ని వాడుకున్నాయి. ఇంగ్లండులో 1992లో మొదలైన మాంచెస్టర్ ‘మెట్రోలింక్’, పోర్చుగల్‌లోని పోర్టో మెట్రో ట్రాముల వంటి తేలికపాటి రైళ్లు. మెక్సికో నగరంలో 2005 నుంచి ‘మెట్రోబుస్’, ఇస్తాంబుల్‌లో 2007 నుంచి ‘మెట్రోబ్యూస్’ ప్రత్యేక వరసల్లో నడిచే బస్సులు. లాస్ ఏంజెలస్‌లో రైలు, బస్సు రెండూ ఒకే సంస్థవి, రెండూ మెట్రోలే.

ఫిలిప్పీన్స్‌లో మాట ఇంకో దారి పట్టింది. ‘మెట్రో మనీలా’ అంటే 1975లో ఏర్పాటైన మహానగర పాలనా ప్రాంతం. అక్కడి రైళ్లను ఎల్‌ఆర్‌టీ, ఎంఆర్‌టీ అంటారు. అమెరికాలోనూ ‘మెట్రో ఏరియా’ అంటే నగరం, దాని శివారు కౌంటీలు కలిసిన ప్రాంతం. అక్కడి తెలుగువారు ‘డీసీ మెట్రో ఏరియాలో ఉంటున్నాం’ అంటే రైలు దగ్గర ఇల్లని కాదు. మేరీల్యాండ్, వర్జీనియా శివార్లు కూడా అందులో వస్తాయి. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ డల్లాస్-ఫోర్ట్‌వర్త్ ప్రాంతాన్ని ‘మెట్రోప్లెక్స్’ అంటారు.

ఈ గందరగోళం వల్ల రవాణా నిపుణులకు నిర్వచనం అవసరమైంది. వారి లెక్కలో మెట్రో కావడానికి కీలకమైన షరతు దారి ప్రత్యేకత. రోడ్డు కూడళ్లు, పాదచారులు, ఇతర రైళ్లు అడ్డురాకూడదు. అప్పుడే రెండు మూడు నిమిషాల వ్యవధిలో రైళ్లను నడపడం సాధ్యమవుతుంది. భారత చట్టం కూడా ఇదే దారిలో ఉంది. ఢిల్లీ కోసం 2002లో చేసి, తర్వాత ఇతర నగరాలకు విస్తరించిన చట్టం ప్రకారం మెట్రో రైల్వేకు తనదైన దారి ఉండాలి. చక్రాలు ఉక్కువైనా రబ్బరువైనా ఫరవాలేదు. ట్రామును మాత్రం మెట్రోగా లెక్కించరు.

భారతదేశంలో

దేశంలో తొలి మెట్రో కలకత్తాలో 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్-భవానీపూర్ మధ్య 3.4 కిలోమీటర్ల మేర మొదలైంది. దానికి 1972లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. భారతీయ రైల్వేలో భాగమైన ఆ వ్యవస్థ అధికారిక నామం ‘మెట్రో రైల్వే’. ఢిల్లీలో 2002 డిసెంబరులో షాదరా-తీస్ హజారీ మార్గం ప్రారంభమయ్యాక ఈ మాట దేశమంతటా ఇంటింటి మాటయింది. బెంగళూరు 2011లో తన రైలుకు కన్నడ ముద్ర వేసి ‘నమ్మ మెట్రో’ అంది.

రైలు రాకముందు నుంచే భారతీయులకు ఈ మాట వేరే అర్థాల్లో తెలుసు. కలకత్తా, బొంబాయి, ఢిల్లీ, మద్రాసులను ‘నాలుగు మెట్రోలు’ అనేవారు. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాలు ఇంటి అద్దె భత్యం మినహాయింపు పరిమితిని ఈ నాలుగు నగరాలకే జీతంలో 50 శాతంగా, మిగతా ఊళ్లకు 40 శాతంగా లెక్కగట్టాయి. దీన్నే ఉద్యోగులు మెట్రో, నాన్-మెట్రో అని చెప్పుకున్నారు. ఆ లెక్కలో హైదరాబాద్ తన మెట్రో రైలు వచ్చాక కూడా నాన్-మెట్రో నగరంగానే ఉండేది. రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణ చూస్తే మరో కొలత కనిపిస్తుంది. దాని ప్రకారం 10 లక్షలు, అంతకుమించి జనాభా ఉండి, ఒకటికి మించిన పురపాలికలు లేదా పంచాయతీలు కలిసివుంటే అది మెట్రోపాలిటన్ ప్రాంతం.

చెన్నైలో మరో అర్థం ఉంది. నగర నీటి సరఫరా సంస్థను అక్కడ ‘మెట్రో వాటర్’ అంటారు. 2015లో రైలు వచ్చేదాకా చెన్నై ఎండాకాలంలో ‘మెట్రో’ కోసం ఎదురుచూడటమంటే బిందెలు పట్టుకుని లారీ కోసం ఎదురుచూడటమే. ముంబయిలో హాలీవుడ్ సంస్థ మెట్రో-గోల్డ్విన్-మేయర్ 1938లో తెరిచిన సినిమా హాలు వల్ల ధోబీ తలావ్ దగ్గరి కూడలిని జనం ‘మెట్రో’ అని పిలిచారు. హైదరాబాద్ చిల్లర దుకాణదారులకు జర్మనీ నుంచి వచ్చిన టోకు సరుకుల గొలుసు దుకాణం కూడా మెట్రోగానే తెలుసు.

తెలుగు వాడుకలో

తెలుగులో ‘మెట్రో’ ఓకారాంతంగానే నిలిచింది. బస్సు, రైలు, కారు వంటి అరువు మాటలకు చివర ఉకారం వచ్చి చేరింది. ఆటో, రేడియోల్లాగే మెట్రోకు ఆ అవసరం రాలేదు. విభక్తులు నేరుగా అతుకుతాయి: మెట్రోలో, మెట్రోకి, మెట్రోలు. ‘మెట్రోపాలిటన్’కు ‘మహానగర’ అని తెలుగు చేశారు. అయితే హైదరాబాద్ బల్దియా, అంటే నగరపాలక సంస్థ, పేరులోని ‘గ్రేటర్’కూ తెలుగులో ‘మహానగర’ అనే రాస్తుండటంతో రెండు వేర్వేరు ఇంగ్లీషు భావనలకు ఒకే మాట వచ్చిపడింది.

హైదరాబాదీలకు ముందు తెలిసిన మెట్రో బస్సు. ఆర్టీసీ సిటీ సర్వీసుల్లో ఆర్డినరీకి పైమెట్టుగా ‘మెట్రో ఎక్స్‌ప్రెస్’, దానికి పైన ‘మెట్రో డీలక్స్’ రైలు కంటే ముందే తిరిగాయి. 2003లో దక్షిణ మధ్య రైల్వే పట్టాల మీద మొదలైన లోకల్ రైళ్లకు మెట్రో అని కాకుండా ఎంఎంటీఎస్ అని పేరు పెట్టారు. మెట్రో రైలును 2017 నవంబరు 28న ప్రారంభించి, మరునాటి నుంచి నాగోల్-అమీర్‌పేట-మియాపూర్ మధ్య 30 కిలోమీటర్ల మేర ప్రయాణికులను అనుమతించారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గంతో ఇది మూడు కారిడార్లు, 57 స్టేషన్లు, సుమారు 69 కిలోమీటర్లకు చేరింది. దారంతా స్తంభాల మీదే కాబట్టి ఇక్కడ మెట్రో చిరునామాలకూ పనికొచ్చింది. దుకాణాల బోర్డుల మీద, పెళ్లిపత్రికల్లో ‘మెట్రో పిల్లర్ నంబరు ఫలానా ఎదురుగా’ అని రాయడం మామూలైంది.

బస్సు మెట్రోకూ రైలు మెట్రోకూ తేడా టికెట్టు దగ్గర తెలుస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో మహిళలకు మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం. మెట్రో రైలుకు ఆ పథకం వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులున్నాయి. అక్కడ రైలు మెట్రో విషయానికొస్తే, విశాఖపట్నం, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతాల్లో మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు చెప్పింది.

కొత్త రూపాలు

ఖర్చు తక్కువయ్యే వ్యవస్థల కోసం కేంద్రం 2019లో ‘మెట్రోలైట్’, 2020లో ‘మెట్రో నియో’ అనే పేర్లతో ప్రమాణాలు ప్రకటించింది. మొదటిది ట్రాముకు దగ్గర. రెండోది పైనున్న తీగల నుంచి విద్యుత్తు తీసుకుని రబ్బరు టైర్ల మీద నడిచే పొడవాటి బస్సు వంటిది. వరంగల్‌కు దీన్ని ప్రతిపాదించారు. ఊళ్ల మధ్య తిరిగే రైలుకు రైల్వే శాఖ ‘వందే మెట్రో’ అని పేరు అనుకుని, 2024 సెప్టెంబరులో ప్రారంభమయ్యే వేళకు ‘నమో భారత్ ర్యాపిడ్ రైల్’ అని మార్చింది.

కాగితం మీద రాసేవారు మెట్రో రైల్వే, మెట్రో ఎక్స్‌ప్రెస్, మెట్రో వాటర్ అని పక్కన నామవాచకాన్ని చేర్చే రాస్తారు. నోటి వాడుకలో ఆ రెండో మాట పడిపోతుంది. ఒంటరిగా మిగిలిన ‘మెట్రో’ ఆ నగరంలో అప్పటికి ఎక్కువ మందికి అవసరమైనదాని పేరవుతుంది. పారిస్‌లో 1900 తర్వాత జరిగినదే హైదరాబాద్‌లో 2017 తర్వాత జరిగింది. ఇక్కడ ఇప్పుడు ఉత్తి ‘మెట్రో’ అంటే రైలు. బస్సును చెప్పాలంటే ‘మెట్రో బస్సు’ అనాలి.